మూడడుగుల ఎత్తు నుంచి చూసిన యుద్ధం

*శత్రువు ఎవరో ఆ పాపకు తెలియదు. ఏ దేశం గెలుస్తోందో, ఏ దేశం ఓడుతోందో తెలియదు. అమ్మ ఇంకా రాలేదని తెలుసు, ఆకలేస్తోందని తెలుసు. నాలుగేళ్ల పిల్ల కళ్లతో రెండో ప్రపంచ యుద్ధాన్ని చూపించిన జపాన్ యానిమేషన్ సినిమా ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ ఇప్పుడు కొత్త తరం ఇళ్లలోకి వస్తోంది.*

తెల్లవారింది. చెరువు ఒడ్డున, కొండవాలులో తవ్విన బాంబు షెల్టర్ ముందు సెత్సుకో గొంతుక్కూర్చుని మట్టి తవ్వుతోంది. పక్కన ఓ చిన్న కుప్ప. అన్నీ చచ్చిపోయిన మిణుగురులే. చీకటికి చెల్లెలు భయపడకూడదని రాత్రి అన్నయ్య సెయిటా వాటిని పట్టి తెచ్చి దోమతెరలో వదిలాడు. ఆ వెలుతురు చూస్తూ పాప నిద్రపోయింది. పొద్దున్న లేచేసరికి ఒక్కటీ బతికి లేదు. ఏం చేస్తున్నావని అన్న అడిగితే, వీటిని పాతిపెడుతున్నానంటుంది. అమ్మను కూడా ఇలాగే గోతిలో పెట్టారట కదా అని, తలెత్తకుండానే అంటుంది.

అమ్మ ఆసుపత్రిలో ఉందని, తగ్గాక వెళ్లి చూద్దామని సెయిటా ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాడు. అమ్మ చనిపోయిన సంగతిని, తాము తలదాచుకున్న ఇంటి అత్త చెల్లెలికి ఎప్పుడో చెప్పేసిందని అతనికి అప్పుడు తెలుస్తుంది. కాలిన ఒంటినిండా కట్లతో ఉన్న తల్లిని చూసిన రోజున కూడా చెల్లెలి ముందు కన్నీరు కార్చని పద్నాలుగేళ్ల కుర్రాడు ఇక్కడ ఆపుకోలేకపోతాడు.

ఈ సన్నివేశంలో విమానం లేదు, తుపాకీ లేదు, సైనికుడు లేడు. అయినా యుద్ధం మీద వచ్చిన సినిమాల్లో ఇంత బరువైన దృశ్యాన్ని నేను మరొకటి చూడలేదు.

ఇసావో తకాహతా దర్శకత్వంలో జపాన్‌కు చెందిన స్టూడియో జిబ్లీ ఈ సినిమాను 1988 ఏప్రిల్‌లో విడుదల చేసింది. 2024లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక అప్పటిదాకా దాని పేరు కూడా వినని ఇళ్లలో చూశారు. ఆ మరుసటి ఏడాది రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లయింది. అదే ఏడాది మే 7న హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో మాక్ డ్రిల్ సైరన్లు మోగాయి. యుద్ధం వస్తే ఎక్కడ దాక్కోవాలో మన పిల్లలు మొదటిసారి అడిగారు. పాకిస్తాన్ సరిహద్దులోని పూంచ్ పిల్లలకు అది డ్రిల్ కాదు. ఆ రోజు అక్కడ ఇళ్ల మీద పడిన ఫిరంగి గుళ్లకు చిన్నారులు కూడా బలయ్యారు. అందుకే ఈ పాత సినిమా గురించి ఇప్పుడు మాట్లాడుకోవాలి.

మిఠాయి డబ్బాలో మిగిలింది

కథ కోబె నగరంలో మొదలవుతుంది. 1945 జూన్ 5న అమెరికా బీ-29 విమానాలు ఆ ఊరి మీద నిప్పు కురిపించాయి. పడినవి గోడలు కూల్చే బాంబులు కావు. కొయ్యతో, కాగితంతో కట్టుకున్న జపాన్ ఇళ్లను అంటించడానికే తయారైన నాపామ్ బాంబులు. నాన్న నౌకాదళంలో ఉన్నాడు, ఎక్కడున్నాడో తెలియదు. అమ్మ ఆ రోజే కాలిపోయింది. చెల్లెల్ని వీపున కట్టుకుని సెయిటా దూరపు బంధువైన ఓ అత్త ఇల్లు చేరతాడు.

మొదట ఆదరించిన అత్త రేషన్ తగ్గేకొద్దీ మారుతుంది. చనిపోయిన తల్లి కిమోనోలు అమ్మి బియ్యం తెస్తుంది. దేశం కోసం పనికి వెళ్లే తన వాళ్లకు ముద్దలు పెట్టి, ఈ ఇద్దరికీ నీళ్లలాంటి గంజి పోస్తుంది. ఊరికే కూర్చుని తింటున్నారని దెప్పుతుంది. ఆ మాటలు పడలేక సెయిటా చెల్లెల్ని తీసుకుని చెరువు పక్కన ఎవరూ వాడని షెల్టర్‌కు మారిపోతాడు. మొదటి రెండు రోజులు ఆ పిల్లలకు పండగే. పొయ్యి వాళ్లదే, ఇల్లు వాళ్లదే, గద్దించేవాళ్లు లేరు. ఆ తర్వాత బియ్యం అయిపోతాయి.

సెత్సుకో చేతిలో ఎప్పుడూ ఓ రేకు డబ్బా ఉంటుంది. పండ్ల రుచుల సకుమా డ్రాప్స్ అవి. ఒక్కో బిళ్లే తింటూ దాచుకుంటుంది. అయిపోయాక అన్న డబ్బాలో నీళ్లు పోసి కదిపి ఇస్తాడు, అన్ని పండ్లూ ఉన్నాయంటూ తాగుతుంది. చివరికి ఆ డబ్బాలో ఏముంటుందో సినిమా మొదటి నిమిషాల్లోనే చూపించేస్తారు. రైల్వే స్టేషన్‌లో చనిపోయిన కుర్రాడి దగ్గర దొరికిన డబ్బాను ఊడ్చేవాడు గడ్డిలోకి విసిరేస్తాడు. మూత ఊడి చిన్న చిన్న ఎముకలు బయటపడతాయి. ఇద్దరూ బతకరని తెలిసే మనం మిగతా సినిమా చూస్తాం. ఏమవుతుందోనన్న ఉత్కంఠను తకాహతా కావాలనే తీసేశాడు. దాంతో మన చూపంతా ఆ పిల్లలు ఎలా బతికారన్న దాని మీదే నిలుస్తుంది.

> ఆ డబ్బా కథ
> సినిమాలో కనిపించే ఎర్రడబ్బా డ్రాప్స్‌ను తయారుచేసిన కంపెనీ చరిత్ర 1908లో మొదలైంది. ఒకప్పుడు జపాన్ పిల్లలందరికీ తెలిసిన ఆ మిఠాయి కంపెనీ 2023 జనవరిలో మూతపడింది. ఆ వార్త వచ్చినప్పుడు జపాన్‌లో చాలామంది తలచుకున్న పేరు సెత్సుకో.

అన్న రాసిన కథ

ఈ సినిమాకు మూలం అకియుకి నొసాకా 1967లో రాసిన కథ. దానికి జపాన్‌లో పేరున్న నవోకి బహుమతి వచ్చింది. నొసాకాను పెంచుకున్న కుటుంబం కోబెలో ఉండేది. 1945 జూన్ 5 దాడిలో పెంపుడు తండ్రి పోయాడు. పద్నాలుగేళ్ల కుర్రాడి మీద చంటిపిల్లయిన చెల్లెలి భారం పడింది. ఏడాదిన్నర కూడా నిండని ఆ పాప కొంతకాలానికి తిండి లేక చనిపోయింది.

సినిమాలో సెయిటా తన నోటి ముద్దను చెల్లెలికి పెడతాడు. నొసాకా అలా చేయలేదు. చెల్లెలికి దక్కాల్సిన తిండి తాను తిన్నానని, ఏడుపు ఆపకపోతే కొట్టానని పెద్దయ్యాక ఆయనే చెప్పాడు. తాను ఎలాంటి అన్నగా ఉండాల్సిందో కథలో అలాంటి అన్నను పుట్టించి, ఆ అన్నను కూడా చంపేశాడు. కథ రాయడానికి ఆయనకు ఇరవై రెండేళ్లు పట్టింది. 2015లో చనిపోయేదాకా ఆ బరువు ఆయన్ను వదల్లేదు.

తకాహతాది మరో ఊరు. 1945 జూన్ 29 తెల్లవారుజామున ఒకాయామా మీద బాంబులు పడినప్పుడు ఆయనకు తొమ్మిదేళ్లు. నిద్రలోంచి లేచి, కట్టుబట్టలతో, చెప్పుల్లేకుండా అక్కతో కలిసి పరిగెత్తాడు. తల్లిదండ్రులు కనిపించేదాకా ఇద్దరూ కాలుతున్న ఊళ్లో తిరిగారు. ఆ మంటల్లో చూసిందే నలభై మూడేళ్ల తర్వాత తెర మీదకు వచ్చింది. ఈ సినిమాలో నిప్పు ఎలా రాలుతుందో, గాలి ఎలా వేడెక్కుతుందో, జనం మాట్లాడకుండా ఎలా నడుస్తారో చూస్తే, ఇది పుస్తకాలు చదివి గీసిన బొమ్మ కాదని తెలిసిపోతుంది.

పిల్లల కళ్లతో యుద్ధాన్ని చూపిన గొప్ప సినిమాల వెనుక చాలాసార్లు ఇలాంటి మనిషే ఉంటాడు. అప్పుడు చూసింది పిల్లవాడు, చెప్పింది పెద్దవాడు. మధ్యలో సగం జీవితం గడిచిపోతుంది.

ముందు గొంతు, తర్వాత బొమ్మ

జపాన్ యానిమేషన్‌లో మామూలుగా పాత్రల బొమ్మలు గీశాక పెదవుల కదలికను బట్టి మాటలు చెప్పిస్తారు. సెత్సుకో విషయంలో తకాహతా ఆ పద్ధతి తిప్పేశాడు. అయానో షిరాయిషి అనే ఐదేళ్ల పాపతో ముందే మాటలు రికార్డు చేశారు. ఆ పాప ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఎక్కడ మాట మింగిందో చూసుకుని చిత్రకారులు బొమ్మ గీశారు. పెద్దవాళ్లు గొంతు సన్నం చేసి పలికితే రాని నిజం అలా వచ్చింది.

గీతల విషయంలోనూ అంతే శ్రద్ధ. యానిమేషన్‌లో పాత్రల చుట్టూ నల్లగీత ఉండటం రివాజు. ఇక్కడ చాలాచోట్ల గోధుమరంగు గీత వాడారు. పిల్లల చెంపలు, చేతులు మెత్తగా కనిపించడానికి అదే కారణం. ఇంత పట్టుదల వల్ల పని ఆలస్యమై, విడుదల నాటికి కొన్ని షాట్లకు రంగులు పూర్తికాలేదు. తకాహతా చివరిదాకా దానికి బాధపడ్డాడు.

అప్పట్లో ఒకే టికెట్‌పై రెండు సినిమాలు వేశారు. రెండోది హయావో మియాజాకి తీసిన ‘మై నైబర్ టొటొరో’. అడవిలో పెద్ద బొచ్చు జీవితో ఇద్దరు అక్కచెల్లెళ్ల స్నేహం అది. టొటొరో కోసం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులు సెత్సుకోను కూడా చూసి ఇళ్లకు వెళ్లారు.

బాంబు చంపలేదు, మరి ఎవరు?

సెత్సుకోకు బాంబు తగల్లేదు. ఒళ్లంతా దద్దుర్లు, విరేచనాలు. డాక్టరు చూసి పోషకాహార లోపమని చెప్పి, మందు ఇవ్వకుండా తర్వాతి రోగిని పిలుస్తాడు. బలమైన తిండి ఎక్కడుందో చెప్పమని సెయిటా అరుస్తాడు. జవాబు చెప్పేవాళ్లు లేరు. అమ్మ దాచిన డబ్బు బ్యాంకులో ఉంది. కానీ రైతులు డబ్బు తీసుకుని బియ్యం ఇచ్చే రోజులు పోయాయి. సైరన్ మోగి జనం పరిగెడుతుంటే సెయిటా మాత్రం ఖాళీ ఇళ్లలోకి దూరి దొంగతనం చేస్తాడు. బాంబులు పడితేనే చెల్లెలికి తిండి దొరుకుతుంది కాబట్టి, విమానాలు కనిపిస్తే అతనికి హుషారు. యుద్ధం ఓ మంచి పిల్లాణ్ని ఎక్కడికి తెచ్చిందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

జపాన్ లొంగిపోయిందని సెయిటాకు తెలిసేది బ్యాంకులోనే. నాన్న ఎక్కిన ఓడ కూడా మునిగిందని అక్కడే వింటాడు. మిగిలిన డబ్బుతో తిండి కొని తెచ్చేసరికి సెత్సుకో గోళీని డ్రాప్ అనుకుని చప్పరిస్తోంది. మట్టితో చేసిన అన్నం ముద్దలను అన్నకు వడ్డిస్తుంది. యుద్ధం ముగిశాకే ఆ పాప చనిపోతుంది. ఆ తర్వాత కొద్ది వారాలకు అన్న కూడా.

మరి తప్పెవరిది? చూసిన ప్రతి ఒక్కరూ మొదట అత్తనే తిడతారు. ఇంకోసారి చూస్తే ఆమె కూడా కూపన్లు లెక్కపెట్టుకుని బతుకుతున్న ఇల్లాలే. సెయిటా పౌరుషాన్ని తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. తలవంచుకుని ఆ ఇంట్లోనే ఉంటే చెల్లెలు బతికేదేమో. దీన్ని యుద్ధ వ్యతిరేక సినిమా అంటే తకాహతా ఒప్పుకునేవాడు కాదు. సమాజంతో తెగిపోయి తమ లోకంలో తాము బతకాలనుకున్న ఇద్దరు పిల్లల కథ అనేవాడు. సినిమా వచ్చిన రోజుల్లోనే ఆయన ఓ భయం చెప్పుకున్నాడు. ఇవాళ సెయిటా కోసం ఏడుస్తున్న మనమే, కాలం మళ్లీ అలా తిరగబడితే, ఆ అత్త కంటే కఠినంగా అతణ్ని నిందించమా అని. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే గుచ్చుకునేది ఈ ప్రశ్నే. యుద్ధం ముందు తినేసేది ఇరుగుపొరుగుల మంచితనాన్ని. తర్వాతే పిల్లల్ని.

తుపాకీ దించిన పిల్లాడు

తకాహతాలాగే యుద్ధాన్ని పిల్లవాడిగా చూసిన మరో దర్శకుడు రష్యాకు చెందిన ఎలెమ్ క్లిమోవ్. స్టాలిన్‌గ్రాడ్‌లో 1933లో పుట్టాడు. ఊరు తగలబడుతుంటే తల్లి, చంటి తమ్ముడితో కలిసి వోల్గా నది దాటాడు. నది కూడా మండుతోందని చెప్పేవాడు. ఆయన 1985లో తీసిన ‘కమ్ అండ్ సీ’ బెలారుస్ కథ. నాజీ సైన్యాన్ని ఎదిరించే గెరిల్లాల్లో చేరాలని ఫ్లోరియా అనే కుర్రాడు ఇసుకలోంచి తుపాకీ తవ్వితీసుకుంటాడు. అమ్మ వద్దని ఏడుస్తున్నా నవ్వుకుంటూ వెళతాడు. సినిమా పూర్తయ్యేసరికి ఆ ముఖం ముసలివాడి ముఖం. మధ్యలో ఓ ఊరివాళ్లందరినీ కొట్టంలోకి తోసి నిప్పంటించడం చూశాడు.

ఈ సినిమాకు సహ రచయిత అలెస్ ఆదమోవిచ్. ఆయన పదిహేను, పదహారేళ్ల వయసులోనే బెలారుస్ అడవుల్లో గెరిల్లాగా ఉన్నవాడు. పెద్దయ్యాక మరో ఇద్దరు రచయితలతో కలిసి, మంటల్లోంచి బతికి బయటపడ్డ పల్లెవాసుల మాటలను ఊరూరా తిరిగి సేకరించాడు. అలాంటి ఊళ్లలో ఖతిన్ ఒకటి. 1943 మార్చి 22న అక్కడ 149 మందిని చంపారు. వారిలో 75 మంది పిల్లలు.

చివర్లో ఫ్లోరియా బురదలో పడివున్న హిట్లర్ పటాన్ని తుపాకీతో కాలుస్తాడు. ఒక్కో గుండుకూ చరిత్ర వెనక్కి నడుస్తుంది. యుద్ధం, ఊరేగింపులు, యవ్వనం దాటి తల్లి ఒళ్లో కూర్చున్న పసివాడి దగ్గరకు వచ్చేస్తుంది. ఆ పసివాణ్ని ఫ్లోరియా కాల్చడు. ఈ సినిమా తర్వాత క్లిమోవ్ మరో సినిమా తీయలేదు. 2003లో కన్నుమూశాడు.

> ఇవీ చూడదగినవే
> జర్మనీ ఇయర్ జీరో (1948): శిథిలమైన బెర్లిన్‌లో కుటుంబాన్ని పోషించాల్సి వచ్చిన పన్నెండేళ్ల ఎడ్మండ్ కథ. ఇటలీ దర్శకుడు రొసెల్లీని దీన్ని చనిపోయిన తన కొడుకుకు అంకితమిచ్చాడు.
> ఫర్బిడెన్ గేమ్స్ (1952): అమ్మానాన్నల్ని కోల్పోయిన ఫ్రెంచ్ పాప, ఓ రైతు కొడుకు కలిసి చచ్చిన జంతువులకు శ్మశానం కడతారు. వెనిస్‌లో గోల్డెన్ లయన్ పొందింది.
> ఇవాన్స్ చైల్డ్‌హుడ్ (1962): పన్నెండేళ్ల సోవియట్ గూఢచారి. తార్కోవ్‌స్కీ మొదటి పూర్తి నిడివి సినిమా. దీనికీ గోల్డెన్ లయన్.
> టర్టిల్స్ కెన్ ఫ్లై (2004): ఇరాక్, టర్కీ సరిహద్దులో కుర్దు శరణార్థి పిల్లలు మందుపాతరలు ఏరి అమ్ముకుంటారు. దర్శకుడు బహ్మన్ ఘొబాదీ.

మనకు తెలిసిన అమృత

తెలుగు ప్రేక్షకుడికి ఈ దారి కొత్తేమీ కాదు. మణిరత్నం 2002లో తమిళంలో తీసిన ‘కన్నత్తిల్ ముత్తమిట్టాల్’ మనకు ‘అమృత’గా వచ్చింది. తొమ్మిదో పుట్టినరోజున తాను పెంపుడు బిడ్డనని తెలుసుకున్న పాప, కన్నతల్లిని వెతుక్కుంటూ యుద్ధం నడుస్తున్న శ్రీలంకకు వెళుతుంది. అమ్మ నన్నెందుకు వదిలేసిందన్న ఒక్క ప్రశ్నే ఆమెను నడిపిస్తుంది. ఆ దారిలో ఊళ్లు ఖాళీ చేసి నడిచిపోయే జనాన్ని చూస్తుంది, పార్కులో పేలిన బాంబును చూస్తుంది, తన ఈడు పిల్లల చేతుల్లో తుపాకులను చూస్తుంది. శ్రీలంక యుద్ధం మీద ఎన్ని సంపాదకీయాలు చదివినా అందని బాధ ఆ పాప మొండితనంలో అందింది. ఆ పాపగా నటించిన కీర్తనకు ఉత్తమ బాలనటిగా జాతీయ అవార్డు వచ్చింది. ఎడిటింగ్ అవార్డు మన శ్రీకర్ ప్రసాద్‌కు దక్కింది.

> మన తీరం మీదా పడ్డాయి
> 1942 ఏప్రిల్ 6న జపాన్ యుద్ధనౌకల నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ప్రాణనష్టం తక్కువే. కానీ విశాఖ నుంచి చాలా కుటుంబాలు పిల్లాపాపలతో లోపలి పల్లెలకు తరలిపోయాయి.

కన్నీళ్ల కోసం వాడుకుంటే

పిల్లల్ని తెర మీద పెట్టిన ప్రతి యుద్ధ సినిమా నిజాయితీగా ఉంటుందని చెప్పలేను. ‘ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పజామాస్’ (2008) చూసి ఏడవనివాళ్లు తక్కువ. నాజీ అధికారి కొడుకు, శిబిరం కంచె అవతలి యూదు పిల్లాడు స్నేహితులవుతారు. ఆ శిబిరాల్లో ఆ వయసు పిల్లల్లో చాలామందిని దిగిన రోజే చంపేశారు. కంచె దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకునే వీలెక్కడ? ఈ సినిమాకు మూలమైన నవలను, యూదుల ఊచకోత చరిత్ర చదివేవాళ్లు, చెప్పేవాళ్లు పక్కన పెట్టాలని 2020లో ఆష్విట్జ్ మ్యూజియమే సూచించింది. పిల్లవాడి అమాయకత్వం అడ్డుపెట్టుకుని నిజాన్ని మెత్తబరచడం చనిపోయిన పిల్లలకు చేసే అన్యాయం. సెత్సుకో అమాయకురాలే. కానీ ఆమె ఒంటి మీది పుండ్లను తకాహతా దాచలేదు.

ఇప్పటి గొంతు

2025లో వెనిస్ చిత్రోత్సవంలో ట్యునీషియా దర్శకురాలు కౌథర్ బెన్ హనియా తీసిన ‘ద వాయిస్ ఆఫ్ హింద్ రజబ్’ గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలుచుకుంది. 2024 జనవరి 29న గాజా నగరంలో కాల్పులకు గురైన కారులో, చనిపోయిన బంధువుల మధ్య చిక్కుకున్న చిన్నారి హింద్, వచ్చి తీసుకెళ్లమని రెడ్ క్రిసెంట్ సిబ్బందిని ఫోన్‌లో గంటల తరబడి బతిమాలింది. ఆమె కోసం వెళ్లిన అంబులెన్స్ కూడా తిరిగి రాలేదు. 12 రోజుల తర్వాత కారులో పాప, దగ్గర్లోనే కాలిన అంబులెన్స్‌లో ఇద్దరు సిబ్బంది మృతదేహాలు దొరికాయి. సినిమాలో నటులున్నారు, పాప గొంతు మాత్రం నిజం. ఆ రికార్డింగ్ వింటూనే నటులు నటించారు. తకాహతా ఓ పాప గొంతు విని కాగితం మీద బొమ్మ గీయించాడు. ఇక్కడ బొమ్మ గీయడానికి కూడా పాప మిగల్లేదు.

> లెక్కల్లో
> ప్రపంచంలో 47 కోట్ల 30 లక్షలకు పైగా పిల్లలు, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి మించి, ఘర్షణ ప్రాంతాల్లో బతుకుతున్నారని యునిసెఫ్ 2024 చివర్లో ప్రకటించింది. పిల్లల మీద జరిగిన తీవ్ర అకృత్యాల్లో 2024లో ఐక్యరాజ్యసమితి ధ్రువీకరించినవే 41,370.

మన పిల్లలకు చూపించాలా?

బొమ్మల సినిమా కదా అని చిన్నపిల్లల ముందు పెట్టి మీరు వంటింట్లోకి వెళ్లకండి. పదేళ్లలోపు వాళ్లకు ఇది వద్దు. హైస్కూల్ పిల్లలైతే చూడాలి, తప్పకుండా చూడాలి. యుద్ధమంటే వీడియో గేమ్ అనీ, టీవీ స్టూడియోల్లో అరుపులనీ అనుకుంటున్న వయసు అది. కానీ ఒంటరిగా కాదు, మీరు పక్కన కూర్చుని. 89 నిమిషాలే, ఓ ఆదివారం మధ్యాహ్నం చాలు. అయిపోగానే టీవీ కట్టేసి లేవకండి. అత్త వాళ్లకు అన్నం ఎందుకు పెట్టలేదని పిల్లలు అడుగుతారు. మనమైతే పెట్టేవాళ్లమా అని కూడా అడుగుతారు. తప్పించుకోకుండా, మీకు నిజమనిపించిన జవాబే చెప్పండి.